కోరుట్ల చౌరస్తాలో వంటావార్పు

జగిత్యాల సర్కారు హాస్టల్లో నాదీ, నా స్నేహితురాలిదీ ఒకే గది. మా బాపు సిరిసిల్లలో మరమగ్గం నడిపేవాడు. ఆమెది ఎల్లారెడ్డిపేట దగ్గర ఒక పల్లె. గుంట భూమి లేని కుటుంబం. వాళ్ల మాదిగవాడలో డిగ్రీ దాకా వచ్చిన మొదటి ఆడపిల్ల ఆమే. టీచరు కావాలన్నది ఆమె పట్టుదల. ఇంగ్లీషు పాఠాన్ని నోరు తిరిగేదాకా పైకి చదివేది, నన్నూ చదివించేది.

ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం ఊపందుకున్న ఏడాది క్లాసులు సగం కూడా జరగలేదు. ఆమె ఊరేగింపుల్లో ముందు నడిచేది. మైకు పట్టుకుంటే జనం నిలబడి వినేవారు. "రాష్ట్రమస్తే మా వాడ పోరగాండ్లందరు సదువుకుంటరే," అని నాతో గట్టి నమ్మకంతో అనేది.

ఒకరోజు కోరుట్లలో నిరసనగా రోడ్డు మీద వంటావార్పు పెట్టారు. హాస్టల్ అమ్మాయిలం బస్సులో వెళ్లాం. చౌరస్తాలో పెద్ద పెద్ద గంజుల కింద పొయ్యిలు మండుతున్నాయి. మేమిద్దరం కత్తిపీటలు ముందేసుకుని వంకాయలు కోయడానికి కూర్చున్నాం. పట్టుచీర కట్టుకున్న ఒక పెద్దావిడ వచ్చి ప్రేమగానే పలకరించింది.

"ఏ ఊరు బిడ్డా? ఎవలోళ్లు మీరు?"

నా స్నేహితురాలు తన ఊరూ, వాడా దాచకుండా చెప్పింది. ఆవిడ నా స్నేహితురాలి ముందున్న కత్తిపీటను తన వైపుకు జరుపుకుంది.

"నీ గొంతు మంచిగుంటదట గద. మైకు కాడికి పో బిడ్డా. గీడ మేం సూసుకుంటం."

నా స్నేహితురాలు లేచి నా వైపు చూసింది. నేను తల దించుకుని వంకాయ కోస్తూ ఉండిపోయాను. మధ్యాహ్నం దాకా ఆమె నినాదాలు ఇస్తూనే ఉంది. బంతి భోజనాలకు మాత్రం రాలేదు. నేను తిన్నాను.

తిరుగు బస్సులో, "కూరెట్లుండె?" అని అడిగింది. "మంచిగుండె" అన్నాను. ఆమె కిటికీ వైపు తిరిగింది.

అయినా ఆమె ఉద్యమాన్ని వదల్లేదు. చివరి ఏడాది పరీక్షలకు రెండు వారాల ముందు జగిత్యాల రాస్తారోకోలో లాఠీ దెబ్బకు ఆమె కుడి మణికట్టు విరిగింది. పరీక్ష రాసిపెట్టే మనిషిని ఇప్పించమని కాలేజీ ప్రిన్సిపాల్‌ను అడిగితే, ముందే అర్జీ పెట్టుకోవాల్సిందన్నాడు. "చెయ్యి ముందే ఇరగ్గొట్టుకోవాల్నా సార్?" అంది. ఆయన ఫైలు మూసేశాడు.

సప్లిమెంటరీ రాస్తానని ఊరికి వెళ్లింది. అంతలో భివండీకి వలసపోయి పనిచేసే వాళ్ల నాన్న జబ్బుపడి ఇల్లు చేరాడు. అమ్మతో పాటు ఆమె కూడా కూలికి పోయింది. చదువు అక్కడే ఆగిపోయింది.

రాష్ట్రం వచ్చింది. కొన్నేళ్లకు నాకు టీచరు ఉద్యోగం వచ్చింది. అప్పుడు గానీ వాళ్ల ఊరు వెళ్లడానికి నాకు ముఖం చెల్లలేదు. పొద్దున్నే వెళ్లేసరికి ఆమె తలకు తువ్వాల చుట్టుకుంటోంది. నన్ను చూసి సంబరపడింది, చాయ్ పెట్టింది. తాగుతూ ఉండబట్టలేక అనేశాను.

"కోరుట్లల ఆ దినం నేను గూడ నీతోని లేసి రావాల్సుండె."

కాదంటుందనుకున్నాను, పోనీలే అంటుందనుకున్నాను.

"అవ్. రావాల్సుండె," అంది.

బయట కూలీల ఆటో హారన్ మోగింది. ఆమె సద్దిగిన్నె అందుకుని, "చాయ్ తాగి పో, తలుపు దగ్గరకేసి పో," అని చెప్పి వెళ్లి ఆటో ఎక్కింది.