ఆండాళ్ పంటు

మా ఇంటి వెనక గదిలో అద్దెకుండే ఆండాళ్ ఒక శనివారం పడవ కొనుక్కొచ్చింది. చదువుకునే పిల్లలు కారు కొనగా చూశాను గానీ పడవ కొన్న పిల్లను ఈ దేశం వచ్చాక మేముంటున్న ద పాండ్స్ పేటలో నేనే మొదట చూశాను. ఆ పడవ పక్కింటి డాక్టరు ఉమామహేశ్వరరావు గారి బండి వెనక ట్రెయిలర్ మీద వచ్చి, మా డ్రైవ్‌వే అంతా ఆక్రమించేసింది. గరిట చేత్తో పట్టుకునే దాని చుట్టూ ఒక ప్రదక్షిణ చేశాను. అడుగున రెండు లావుపాటి అల్యూమినియం గొట్టాలు, వాటి మీద బల్లపరుపుగా చెక్క, చుట్టూ కంచె, మధ్యలో సోఫాలు.

“ఇదేం పడవే? మా కోటిపల్లి రేవులో జనాన్ని ఏరు దాటించే పంటులా ఉంది! కొత్తదేనా? ఎవరమ్మారు? ఎందుకు నీకిది?”

“కొత్తదే ఆంటీ. నాచు కోసం.”

ఆండాళ్‌ది జనగామ. వాళ్ల వీధికి నీళ్లు ట్యాంకర్లో వచ్చేవట. అలాంటి పిల్ల హాక్స్‌బరీ నదిలో ఎండాకాలం పట్టే పచ్చ నాచు మీద పిహెచ్‌డీ చేస్తోంది. యూనివర్సిటీ పడవకు ఎప్పుడూ వరసే. తన వంతు వచ్చేసరికి కిందటేడు నాచు కాస్తా పోయింది. ఈ ఏడు కూడా పోతే చదువు ఇంకో ఏడాది వెనక్కి. సొంత పడవ వాడుకోవచ్చు గానీ, యూనివర్సిటీ తరఫున డంకన్ అనే ఆయన వచ్చి, ఈ పిల్ల దాన్ని నడపగలదని కళ్లారా చూసి సంతకం పెట్టాలి. అందుకు మూడు వారాలే గడువు.

ఆండాళ్‌తో వచ్చిన చిక్కల్లా, ఎవరేమన్నా “సరే ఆంటీ, సరే అంకుల్” అనడం. మర్నాడే డాక్టరు గారి భార్య శ్యామసుందరి “మమ్మల్ని ఎక్కించవా?” అంది. సరే ఆంటీ. ఎనిమిది మందిమి లైఫ్ జాకెట్లు బిగించుకుని, పులిహోర డబ్బాతో ఎక్కాం. నది మధ్యకు వెళ్లగానే శ్యామసుందరి “ఫోటో!” అని కేకేసింది. అందరం ముందు వైపుకు పరుగెత్తాం. పడవ ముక్కు మునిగింది. చీలమండల దాకా నీళ్లు, పులిహోర డబ్బా తేలుకుంటూ సోఫా కిందికి.

“ప్లీజ్ ఆంటీ… ప్లీజ్ అంకుల్…” అని ఆండాళ్ రెండుసార్లు సన్నగా అంది. ఎవరూ కదల్లేదు.

“ఎనక్కి నడువుండ్రి! అందరు!”

ఆ గొంతు ఆ పిల్లదేనా అని నేను తిరిగి చూశాను. ఎప్పుడూ రోగులకు చెప్పడమే తప్ప వినడం తెలియని డాక్టరు గారు అందరికంటే ముందు వెనక్కి వెళ్లి కూర్చున్నారు. పడవ నిలబడింది. తరవాత దాన్ని రేవుకు తేవడానికి ఆండాళ్ మూడుసార్లు ప్రయత్నించింది. మూడోసారి ధడాలున తగిలి కంచె ఒకచోట లోపలికి వంగింది. ఆ రాత్రి ఆండాళ్ అన్నం తినలేదు.

మర్నాటి నుంచి పొద్దున్నే సాధన. డాక్టరు గారు బండిచ్చారు, తోడు నేను వెళ్లాను. అసలు అది ఎలా నడుస్తుందో చూడకపోతే నాకు తోచదు.

“కారు లెక్క కాదు ఆంటీ ఇది. భయమై ఇంజిన్ తగ్గిస్తనా, ఇగ స్టీరింగ్ పనిచెయ్యదు. గాలి గుంజుకపోతది.”

“గాలి ఎటునుంచి వస్తుందే?”

“ఎనకనుంచి.”

“మరి మా పంటు నడిపే సరంగు అలా తెచ్చేవాడు కాదే! రేవు దాటించి, పంటును తిప్పి, ఏటికెదురుగా తెచ్చి ఆనించేవాడు.”

ఆండాళ్ పడవను తిప్పింది. గాలికి ఎదురుగా, నత్తలా వచ్చింది. గాలే బ్రేకు వేసినట్టు రేవు పక్కన మెత్తగా ఆగింది. అప్పటినుంచి గాలి ఎటుందో తెలియడానికి నా చీర కొంగు చూసేది. “పిన్ను పెట్టుకోకుండ్రి ఆంటీ” అని బతిమాలేది.

డంకన్ వచ్చిన రోజు గాలి కాస్త జోరుగానే ఉంది. ఎర్రగడ్డం, చేతిలో నోటుబుక్కు. నన్ను కూడా ఎక్కమని సైగ చేశాడు. ఆండాళ్ నది మధ్య దాకా వెళ్లి, మలుపు తిరిగి, చక్కగా వెనక్కి తెచ్చింది. తీరా చూస్తే రేవుకు మేం పడవ ఆనించే పక్కన ఒక పెద్ద అద్దె పడవ కట్టేసి ఉంది. దాని మీద ఎవరిదో పుట్టినరోజు బార్బెక్యూ విందు. మిగిలింది రెండోవైపు సందు, గాలి వెనకనుంచి నెట్టే వైపు.

“పడుతుందే, దూరిపో!” అన్నాను.

“వద్దు ఆంటీ. పోను.”

పడవను మళ్లీ నది మధ్యకు తిప్పేసింది. డంకన్ గడియారం చూసుకుని, రెండింటికి తనకు ఇంకోచోట పనుందన్నాడు. ఆ పడవ వెళ్లేదాకా తను రేవుకు రానని ఆండాళ్ ఇంగ్లీషులో నెమ్మదిగా చెప్పింది. ఆయన నోటుబుక్కు తెరిచాడు.

ఇక కూర్చోలేకపోయాను. లేచి ఆండాళ్ పక్కకు వెళ్లాను.

“ఏదో రాసేస్తున్నాడే! ఏడాది పోతుందే నీకు!”

“రాసుకోనియ్యుండ్రి.”

“ఏం రాస్తున్నాడో చూసి రానా?”

“కూసోండ్రి ఆంటీ!”

కూర్చున్నాను. అరగంట. పుట్టినరోజు వాళ్లు పాట పాడారు, కేకు కోశారు, ఇంకోసారి పాడారు. ఎట్టకేలకు కదిలారు. ఆండాళ్ గాలికి ఎదురు తిరిగి, తాపీగా తెచ్చి తాడు కట్టింది.

ఆ సందులోకి దూరి ఉంటే సంతకం పెట్టేవాణ్ని కాదని చెప్పి డంకన్ సంతకం చేసిన కాగితం ఇచ్చాడు. నేనూరుకోలేక, అరగంటా ఏం రాశాడో అడగమన్నాను. ఆయన పుస్తకం తిప్పి చూపించాడు.

“‘ప్రయాణికురాలు లేచి తిరుగుతోంది. కూర్చోబెట్టాలి’ అని రాసిండు ఆంటీ.”

ఆయన బండెక్కి వెళ్లకముందే ఆండాళ్ ఒడ్డునున్న డబ్బాలోంచి, నాచు పట్టడానికి తెచ్చుకున్న ఖాళీ సీసాలు పడవలోకి చేరవేయడం మొదలుపెట్టింది.

“పొద్దుటినుంచి ఏం తినలేదు. రేపు వద్దాం, రావే.”

“నాచు ఇయ్యాల ఉన్నది కద ఆంటీ,” అంటూ తాడు విప్పింది.