ఇద్దరు మోసే పుట్టి

కడపలో బుట్టలల్లేవాళ్లు పచ్చి వెదురు చీల్చి నానబెట్టిన చోటికి వెళితే, ఆ పుల్లటి తడివాసనకు నా కాళ్లు కదలవు. కొనేదేమీ లేకున్నా ఒక చేటను చేతుల్లో తిప్పుతూ ఉండిపోతాను. మా నాయన పుట్టి కట్టే రోజుల్లో ఇల్లంతా ఇదే వాసన.

పుట్టి అంటే వెదురుబద్దలతో అల్లి, అడుగున ఎనుము తోలు కుట్టిన గుండ్రటి పడవ. మాది చేపలు పట్టే ఇల్లు. యాభైల్లో, నా చిన్నప్పుడు, వానలకు చెరువు నిండితే గట్టు కింద గుడిసె. ఎండలకు అది ఇంకిపోతే, నాయన పుట్టిని నెత్తిన బోర్లించుకుని ముందు నడవగా తుంగభద్ర ఒడ్డుకు ప్రయాణం. వెనక నుంచి చూస్తే పుట్టికే కాళ్లొచ్చినట్టుండేది. నాకు నవ్వు ఆగేది కాదు. అమ్మ మాత్రం నవ్వేది కాదు. దిగిన ప్రతిచోటా గుడిసె పక్కన మునగకొమ్మ నాటేది, కాయ కాయకముందే మూట కట్టేది. ఒక్కచోట కుదురుగా బతకాలన్నదే ఆమెకున్న ఒకే ఒక్క ఆశ.

ఒక ఏడాది కొండల నడుమ పెద్ద చెరువు కిందికి చేరాం. పాత పుట్టి తోలు అప్పటికే చివికిపోయింది. నాయన గట్టుమీద కూర్చుని బీడీ పొగ ఎటు పోతోందో చూస్తూ రోజుల తరబడి ఆలోచించాడు. పలకల పడవైతే చెరువు ఎండిన నాడు బీటలిస్తుంది. తాటిదోనె అయితే నీళ్లలో మునిగిన తుమ్మమోళ్లకు తగిలి ఆగిపోతుంది. పుట్టే మేలు, వాటిమీదుగా తేలిపోతుంది. ఇక తేలాల్సింది ఎంత పుట్టి అన్నదే. జొన్నసంగటి మీద చేపల పులుసు పోస్తూ అమ్మ అంది:

“ఈడ గాలి శానా ఉండాది. చిన్నదైతే తిరగలి మాదిరి తిరుగుతాది. ఇద్దరు మోసేంతది కట్టు.”

“మోసేదానికి ఇంకో మనిషి యాడుండాడు మ్మే?”

“నేను లేనా?”

నాయన మర్నాడే వెదురుకు పోయాడు.

అమ్మ మాట నిజమైంది. ఎంత గాలికైనా ఆ పుట్టి నీళ్లమీద నిలకడగా కూర్చునేది. సాయంత్రాలు అందులో వెల్లకిలా పడుకుంటే కొండలు, కొంగలు, ఎర్రబడ్డ మబ్బులు నా చుట్టూ మెల్లగా తిరిగేవి. ఉగాదినాడు నేతి ఓళిగలు అందులోనే తిన్నాం, వేళ్లకంటిన బెల్లం చెరువులోనే కడుక్కున్నాం, ఆ నీళ్లు ఎన్నటికీ తరగవనుకున్నాను.

తరిగాయి. బురద నెర్రెలిచ్చాక ఒక ఉదయం నాయన పుట్టిని ఒకవైపు పట్టుకుని, “మ్మే, పట్టు” అన్నాడు.

అమ్మ కొర్రలు చెరుగుతూ తలెత్తలేదు.

“నేను పట్టను. ఈడ్నే ఉంటా.”

నాయన పుట్టిని కిందికి దించేశాడు. ఆ ఎండాకాలమంతా బావులు తవ్వే కూలికి పోయాడు. కడుపు నిండిన పూటలు తక్కువే. అయినా మేం ఆ ఊరు వదల్లేదు, మళ్లీ వానలొచ్చాయి.

ఇప్పుడా చెరువులో థర్మాకోల్ తెప్పలమీద వలలేస్తున్నారు. పుట్టి కట్టే చేతులు లేవు, అమ్మా నాయనా లేరు. ఆ రోజు అమ్మే గెలిచిందని ఇన్నేళ్లూ అందరికీ మురిపెంగా చెప్పుకుంటూ వచ్చాను. గట్టు కింద ఊరినిండా మగవాళ్లుండగా, రెండోవైపు పట్టమని నాయన ఒక్కరినీ పిలవలేదన్నది ఈమధ్యే తట్టింది.