తిరుపతమ్మ ఊదిన ఊపిరి

రాజురా తాలూకాను ఆదిలాబాదు నుంచి తీసి నాందేడులో, అక్కడి నుంచి తీసి చాందాలో కలిపిన ఏళ్లవి. కచేరీలో ఉర్దూ పోయి మరాఠీ వచ్చింది. మంత్రసాని తిరుపతమ్మకు మాత్రం ఏ సర్కారైనా ఒకటే. జిల్లాలు ఎన్ని మారినా పిల్లలు పుట్టే దారి మారలేదు కదా అని నవ్వేది.

కాన్పు అయ్యేదాకా అందరికీ ఆమె చేతులే దిక్కు. బొడ్డు కోసి, మాయ పాతిపెట్టాక ఆమెను ముట్టుకునేవాళ్లు ఉండరు. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య. పెరటి గుమ్మంలోంచి జొన్నలు, పాత చీర విసిరేవాళ్లు. దానికి ఆమె ఏనాడూ ఏడవలేదు. ఆమె భయం వేరు. కొందరు బిడ్డలు పుట్టగానే ఏడవరు, నీలంగా పడి ఉంటారు. అప్పుడు తిరుపతమ్మ అందరికీ వీపు తిప్పి, కొంగు చాటు చేసుకుని, బిడ్డ ముక్కు మీదా నోటి మీదా తన నోరు ఆనించి మెల్లగా ఊదేది. మంత్రసాని ఎంగిలి! ఆ సంగతి బయటపడితే ఏ గడపా తొక్కనివ్వరు. తాను చేసేది పాపమేనని ఆమె కూడా నమ్మింది. అది పోవాలని సోమవారాలు ఒక్కపొద్దు ఉండేది.

ఆ చలికాలం ఏసుదాసు అనే పాదిరి అంగడి రోజున కూరగాయల గంపల పక్కన నిలబడి తెలుగులో బైబిలు వాక్యం చెప్పాడు. దేవుడు మన్ను పిసికి, తన పోలికలోనే మనిషిని చేశాడట. చేసినా ఆ మనిషి కదల్లేదట. అప్పుడు దేవుడు వాడి ముక్కులో తన ఊపిరి ఊదాడట.

తిరుపతమ్మ చేతిలోని వంకాయలు జారిపోయాయి. దేవుడు వంగి ఒకరి ముక్కులో ఊదడమేమిటి? అదీ మట్టి చేతులతో! మనసు ఆగక దగ్గరికి వెళ్లింది.

"అయ్యా, ఏ కులపోని ముక్కుల ఊదిండు?"

అప్పటికి కులాలే పుట్టలేదమ్మా అన్నాడు పాదిరి. మనమంతా ఆ ఒక్క మనిషి పిల్లలమే, మనందరిలో ఆడేది ఆ ఊపిరే అన్నాడు. తిరుపతమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇన్నేళ్లూ తాను దొంగచాటుగా చేసిన పని దేవుడు పట్టపగలు చేశాడా? ఆ రోజు ఇల్లు ఎలా చేరిందో ఆమెకే తెలియదు.

వారం తిరక్కుండానే కిరాణా వ్యాపారి నాగేశ్వర్ భార్య రుక్మిణికి నొప్పులు వచ్చాయి. మగబిడ్డ పుట్టాడు, ఏడవలేదు. నాగేశ్వర్ తల్లి లక్ష్మీబాయి పక్కనే నిలబడి కళ్లార్పకుండా చూస్తోంది. ఆ ఇరుకు గదిలో వీపు తిప్పడానికి చోటు లేదు. బిడ్డ పెదాలు నల్లబడుతున్నాయి. తిరుపతమ్మ కొంగు అడ్డం పెట్టుకోకుండా, లక్ష్మీబాయి చూస్తుండగానే నోరు ఆనించి ఊదింది.

లక్ష్మీబాయి కెవ్వుమంది. తిరుపతమ్మ ఆగలేదు, మళ్లీ ఊదింది. బిడ్డ తుమ్మి, గుక్కపట్టి ఏడ్చాడు.

మనవడు బతికాడని సంతోషించాలో, మైలపడ్డాడని శోకాలు పెట్టాలో లక్ష్మీబాయికి తెలియలేదు. ఎంగిలి కడగడానికి చన్నీళ్ల చెంబు ఎత్తింది. తిరుపతమ్మ నెత్తుటి చేత్తోనే ఆమె మణికట్టు పట్టుకుంది.

"నీళ్లు పొయ్యకమ్మా, పోరడు సస్తడు. పొయ్యాల్నంటే ముందుగాల నీ కొడుకు మీద పొయ్యి. పుట్టిన పొద్దు ఆయన గూడ ఏడ్వలే. నువ్వు సొమ్మసిల్లి ఉంటివి, సూడలే."

లక్ష్మీబాయి తెల్లబోయింది. రోజూ పొద్దున్నే పూజ చేసేది ఆ కొడుకే. అతని చేతి ప్రసాదం తినందే ఆమె మంచినీళ్లు కూడా ముట్టదు. తలుపు అవతలి నుంచి నాగేశ్వర్ ఏమైందమ్మా, ఏమైందమ్మా అని అడుగుతూనే ఉన్నాడు. మంత్రసాని చేతిలోంచి తన చేతిని విడిపించుకోవాలని లక్ష్మీబాయికి తోచలేదు.