దీపం కింద ఈనని వరి

మా నాన్న ఇంటి తిండి కోసం ప్రతి ఏడూ అరెకరంలో మొలగొలుకులనే పాతరకం వరి వేస్తారు. వెంకటాచలం దాటాక రోడ్డు పక్కనే ఆ చేను. మూడేళ్ల క్రితం చేనంతా వెన్ను తీసినా, రోడ్డు వైపు కొంత మేర మాత్రం ఆకులతోనే ఏపుగా నిలబడిపోయింది.

నాన్న అనుమానం నాట్లు వేసిన ముఠా పెద్ద మీదకు పోయింది. ఇరవై ఏళ్లుగా మా చేలో నాటిన మనిషి ఆమె. గట్టు మీద, తోటి కూలీలందరి ముందూ అడిగేశారు.

"నారు చాలక వేరేది కలిపి నాటినావు కదా మే?"

"నేనెందుకు కలుపుతానన్నా? నీ మడిలో పీకిందే నాటినాం. ఇంకా మిగిలింది కూడా."

నాన్న నమ్మలేదు. ఆమె గట్టు దిగి వెళ్లిపోయింది. నేనూ అక్కడే ఉన్నాను. నాన్న మాటే నిజమనుకుని నోరు విప్పలేదు.

నేను నెల్లూరులో డిగ్రీ పిల్లలకు వృక్షశాస్త్రం చెబుతాను. తరువాతి వారం ఫైటోక్రోమ్ పాఠం వచ్చింది. ఆకుల్లో ఉండే ప్రోటీన్ అది. ఎర్ర వెలుగు తగిలితే ఆకారం మార్చుకుని కణంలోని కేంద్రకంలోకి చేరుతుంది. చీకట్లో మెల్లగా పాత ఆకారానికి వస్తుంది. రాత్రి ఎంత పొడుగుందో కొన్ని రకాల వరి తెలుసుకునేది దాని సాయంతోనే. రాత్రి పూట ఎర్ర వెలుగు పడితే పూత ఆగిపోతుంది. ఆ వాక్యం చెబుతూ చెబుతూ ఆగిపోయాను. మా చేని పక్కన ఆ వేసవిలోనే కొత్తగా దీపస్తంభం పాతారు.

సాయంత్రం నాన్నను చేనికి తీసుకెళ్లాను. పొద్దు గూకగానే దీపం వెలిగింది. నారింజ రంగు వెలుగు ఎంతవరకు పరుచుకుందో, సరిగ్గా అంతవరకే వెన్నులు లేవు.

"దీపానికీ వరికీ ఏంది సంబంధం?" అన్నారు నాన్న.

"రాత్రిళ్లు పొడుగైతేనే ఇది ఈనేది నాన్నా. ఈ నారింజ వెలుగులోనూ ఎరుపుంది, దాంతో దానికి రాత్రి అయినట్టే తెలియడం లేదు."

ఆయన వెలుగు అంచు వెంట గట్టు మీద నడిచి చూశారు. "అయితే ఆమె చెప్పిందే నిజం," అన్నారు చివరికి.

మర్నాడు పొద్దున్నే ఇద్దరం ఆమె ఇంటికి వెళ్లాం.

"తప్పు నాదే మే. దీపం చేసిన పనికి నిన్నన్నాను."

"అన్నది అందరి ముందరా అన్నావన్నా. ఇది కూడా అందరి ముందరే చెప్పు."

నాన్న తల ఊపారు. ఆ రోజే ఆమెను వెంటబెట్టుకుని, వేరే చేలో కూలీలు కలుపు తీస్తున్న చోటికి వెళ్లి, అందరూ వినేట్టు చెప్పారు.

ఆమె నా వైపు తిరిగింది. "చదువుకున్నదానివి కదమ్మా, ఆ పొద్దే ఎందుకు చెప్పలా?" అంది, కోపం లేకుండానే.

తరువాత పంచాయతీ వాళ్లను అడిగి దీపానికి చేని వైపు అడ్డంగా రేకు కట్టించాం. మరుసటి ఏడు నాట్లు కూడా ఆమె ముఠానే వేసింది. రోడ్డు వారన వరి మిగతా చేనితో పాటే ఈనింది.