లస్మవ్వ ఎడమ కన్ను

అలేఖ్య ఆ ఫొటోను చూసినప్పుడు ఒడిలో పాప ఉంది. ఒళ్లు వెచ్చగా అనిపించి పొద్దుటి నుంచి మాటిమాటికీ నుదురు తాకి చూస్తోంది. ఒక చేయి పాప నుదుటి మీద ఉండగానే రెండో చేత్తో ఫోన్ తెరిచింది. ఫొటోగ్రాఫర్ల సంఘం వాట్సాప్ గ్రూపులో లస్మవ్వ కనబడింది.

లస్మవ్వ సిరిసిల్లలో మరమగ్గాలకు కండెలు చుట్టే ముసలమ్మ. ఫొటోలో గడప మీద కూర్చుని ఉంది. వాకిలి వెలుగు కుడి చెంప మీద పడి ముడతలన్నీ లెక్కపెట్టేలా ఉన్నాయి. ఎడమ చెంప మెల్లగా నీడలోకి జారిపోతోంది. ఎవరో పిలిస్తే తలెత్తి చూసినట్టుంది. ఆ పిలిచింది అలేఖ్యే, ఫొటో తీసిందీ అలేఖ్యే. కింద పేరు మాత్రం 'జలపతి, జగిత్యాల' అని ఉంది. ఈ ఏటి పోర్ట్రెయిట్ బహుమతికి సంఘం దాన్నే ఎంచిందని ఆ పక్కన రాసి ఉంది.

పొగడ్తలు అప్పటికే మొదలయ్యాయి. 'ఆ నీడలో నేతన్న బతుకంతా ఉంది సార్' అని సిరిసిల్ల సంజీవ్ రాశాడు. 'ఆరిపోయిన ఆ ఎడమ కన్ను వెయ్యి మాటలు చెబుతోంది' అని కోరుట్ల రమణ రాశాడు. చివరికి జలపతే వచ్చి, 'నా జీవితంలో నేను పట్టుకున్న గొప్ప వెలుగు ఇది' అని రాసి, రెండు చేతులు జోడించిన బొమ్మ పెట్టాడు.

అలేఖ్య చదువుతూనే ఉంది. పాప చెంచా లాక్కుని ఉగ్గంతా మీద పోసుకుంది.

అలేఖ్యది కోరుట్ల. తండ్రి ఎల్లన్న కల్లు గీయడానికి తాళ్లెక్కడం మానేసి సోడాల బండి పెట్టుకున్నాడు. ఆమె బీఎస్సీలో ఫిజిక్స్ చదివింది. వెలుగు అద్దం మీద పడి ఏ కోణంలో వెనక్కి పోతుందో పుస్తకంలో చదివినప్పుడు రాని ఆసక్తి, పెళ్లింట్లో కెమెరా చూసినప్పుడు వచ్చింది. జగిత్యాలలో జలపతి స్టూడియోకు పోయి పనికి కుదిరింది. చుట్టుపక్కల మూడు జిల్లాల్లో పెళ్లి ఫొటో అంటే జలపతి పేరే. ఆయన దగ్గర నేర్చుకున్నానని చెబితే చాలు, పిలిచి పని ఇస్తారు. అలేఖ్య మూడేళ్లు చేసింది. పెళ్లికూతుళ్లను తీసింది, పసిపిల్లలను తీసింది. పేరెప్పుడూ స్టూడియోదే. దానికి ఆమె ఏమీ అనుకోలేదు, కొలువంటే అదే కదా అనుకుంది.

లస్మవ్వ ఫొటో కొలువు కాదు. సిరిసిల్లలో ఒక పెళ్లి ఫొటోలు తీయడానికి పోయినప్పుడు, మధ్యాహ్నం భోజనాలయ్యాక పక్క ఇంటి గడపలో ఆ ముసలమ్మ కనిపించింది. కరెంటు పోయి మగ్గాలు ఆగాయి. వీధంతా ఒక్కసారిగా చప్పుడు తెగిపోయింది. లస్మవ్వ చేతిలో పని లేక ఊరికే కూర్చుంది.

"అవ్వా, ఒక్క ఫొటో తీస్త."

"నాదా? గా పెండ్లిపిల్లను తియ్యక నన్నేం తీస్తవ్ బిడ్డా. కెమెరా పలుగుతది."

"పలిగితె మా సారు చూస్కుంటడు."

లస్మవ్వ నవ్వి, తర్వాత గొంతు తగ్గించింది. "గీ కంట్ల పువ్వు ఉన్నది బిడ్డా. గది కానరాకుంట తీస్తవా?"

ఎడమ కంటి నల్లగుడ్డు మీద తెల్లటి మచ్చ. వాకిలి వెలుగు ఎదుటి తెల్లగోడకు తగిలి వెనక్కి వచ్చి ఆ మచ్చ మీద మెరుస్తోంది. అలేఖ్య తల కొంచెం వంచమంది, కనుబొమ నీడ పడింది. అయినా మెరుపు పోలేదు. లోపల దండెం మీద నల్లటి గొంగడి కనిపించింది. దాన్ని తెచ్చి ఎడమ పక్కన తలుపు రెక్క మీద వేలాడేసింది. గొంగడి వెలుగును తాగేసింది. మచ్చ నీడలో కలిసిపోయింది. అప్పుడు తీసింది.

జగిత్యాల వచ్చాక కంప్యూటర్‌లో ఎంతో ఆశగా జలపతికి చూపించింది. ఆయన టీ గ్లాసు కింద పెట్టకుండానే చూశాడు.

"ఎడమ కన్ను సచ్చింది. చెంప బొగ్గోలె ఉన్నది. గిసోంటియి గ్రూపుల పెడితె నా ఇజ్జత్ పోతది. డిలీట్ కొట్టు."

ఆమె డిలీట్ కొట్టలేదు. ఆ కంప్యూటర్‌లోనే ఒక మూలన దాచింది. తర్వాత కడుపుతో ఉండి, బస్సు కుదుపులకు భయపడి పని మానేసింది. ఫొటో అక్కడే ఉండిపోయింది.

సాయంత్రం భర్త వేణు మొబైల్ షాపు మూసి వచ్చేసరికి అలేఖ్య ఇంకా ఆ పొగడ్తలే చదువుతోంది. ఒక్కొక్కటీ స్క్రీన్‌షాట్ తీసి దాచుకుంటోంది.

"ఇడిచిపెట్టరాదూ?" అన్నాడు వేణు. "పాపకు పానం మంచిగ లేదు. పెద్దమనిషితోని మనకెందుకు పంచాయితి? రేపు నువ్వు స్టూడియో పెడితె గాయిన మాటనే కావాలె నీకు."

"గాయిన మాట నాకు యాదికున్నది. డిలీట్ కొట్టుమన్నడు."

సంఘం కార్యదర్శి భూమేశ్‌కు ఫోన్ చేసింది. ఆయన మర్యాదగానే విన్నాడు.

"నువ్వే తీసినవేమో చెల్లె, నేను కాదంట లేను. కెమెరా ఎవలది?"

"సారుది."

"కార్డు?"

"సారుదే."

"మరి ఫైలు ఎన్నిసార్లు తెరిచినా సారు కెమెరా అనే చెప్తది గదా. నువ్వు గింత చిన్నదానివి, గాయినతోని పెట్టుకుంటె నవ్వుతరు. మీటింగుకు రా, భోజనం చేసి పో."

ఫోన్ పెట్టేసిన అలేఖ్యకు కోపం కూడా రాలేదు. కోపం అప్పటికే గడ్డకట్టి ఇంకేదో అయింది. ఆ ఫొటో కింద తన పేరు ఉండాలి. అంతే కాదు, జలపతి నోటితోనే ఆయన పేరు దాని కింద నుంచి ఊడిపోవాలి. ఎలాగో ఆలోచించింది. పాప జ్వరం తగ్గిన మర్నాడు, సంకలో ఎత్తుకుని సిరిసిల్ల బస్సెక్కింది.

లస్మవ్వ చూడగానే గుర్తుపట్టింది. "నా ఫొటో ఇస్తనని పోయినవ్. మల్ల కానరాలే."

"ఇస్త అవ్వా. పెద్దది, ఫ్రేము కట్టించి ఇస్త. గని జగిత్యాలకు రావాలె. ఎవలు తీసిండ్రో చెప్తె సాలు."

"ఎవలు తీసిండ్రంటె నువ్వే తీస్తివి. గండ్ల చెప్పుడేముంది?"

"గదే చెప్పాలె. ఇంకేం వద్దు."

ఫొటోగ్రఫీ దినం నాడు జగిత్యాలలో ఫంక్షన్ హాలు నిండింది. వేదిక మీద లస్మవ్వ ముఖం నిలువెత్తున ఉంది. స్పీకర్ల మోత పాప చెవులకు మంచిది కాదని అలేఖ్య వెనక వరుసలో కూర్చుని, దాని చెవుల మీద చేతులు పెట్టింది. పక్కన లస్మవ్వ తన ముఖాన్ని తానే నోరు తెరుచుకుని చూస్తోంది.

బహుమతి ఇచ్చే ముందు ఆ ఫొటో మీద ఎవరైనా మాట్లాడవచ్చు. ఆ ఆచారం పెట్టింది జలపతే. కొత్త పిల్లల ఫొటోలను ఆ వేదిక మీదే ముక్కలు ముక్కలు చేసేవాడు. ఒకమ్మాయి ఏడ్చి మళ్లీ సంఘానికి రాలేదు. ఆయన ఫొటోల వంతు వచ్చినప్పుడు మాత్రం పొగడ్తలే. ఆ రోజూ మైకు పట్టుకుని అలవాటు మాటే అన్నాడు.

"మొహమాటం వద్దు. తప్పులుంటె చెప్పుండ్రి. నేను గూడ నేర్చుకోవాలె గద."

అందరూ నవ్వారు. నలుగురు లేచి పొగిడారు. తర్వాత అలేఖ్య పాపను వెంట వచ్చిన వేణుకిచ్చి మైకు అడిగింది.

"ఎడమ కన్ను సచ్చింది సార్," అంది. "చెంప బొగ్గోలె ఉన్నది. గిసోంటిది నేనైతె డిలీట్ కొడుత."

హాల్లో అన్ని వైపుల నుంచీ గొంతులు లేచాయి.

"నిన్న మొన్న కెమెరా పట్టినవ్, సారుకు లైటింగు చెప్తవా?" అన్నాడు సంజీవ్.

"గది తప్పు కాదు చెల్లె, గది ఆలోచన," అన్నాడు రమణ.

జలపతి చేయెత్తి అందరినీ ఆపాడు. ఆ మాటలు తనవేనన్న సంగతి ఆయన ముఖంలో ఎక్కడా లేదు. అలేఖ్య అదే చూస్తోంది. ఇంకా పేరు రాని పిల్ల ఫొటో మీద పారేసిన మాటలు మనిషికి గుర్తుండవని ఆమెకు తెలుసు, దాని మీదే ఆశ పెట్టుకుంది.

"అడగనియ్యుండ్రి," అన్నాడు జలపతి. "చూడు పిల్లా, నా దగ్గర పని చేసినవ్ గని గిది నేర్చుకోలే నువ్వు. గా దినం రెండు లైట్లు పెట్టిన. కుడి దిక్కుది వెలిగిచ్చిన. ఎడమ దిక్కుది నా చేత్తోని బందు చేసిన. ఎందుకు? గామె బతుకుల సగం చీకటి. గా చీకటి ఆ కంట్ల కానరావాలె. గది తప్పనుకునుడు నీ చిన్నతనం."

చప్పట్లు మోగాయి. చప్పట్లు పూర్తిగా ఆగేదాకా అలేఖ్య నిలబడే ఉంది.

"రెండు లైట్లా సార్?"

"రెండు."

"అవ్వా, లేస్తవా?"

లస్మవ్వ కొంగు సర్దుకుని లేచింది. జనం వెనక్కి తిరిగారు. వేదిక మీది ముఖాన్నీ ఈ ముఖాన్నీ మార్చి మార్చి చూశారు. అలేఖ్య మైకు ఆమె నోటి దగ్గర పెట్టింది.

"గా దినం కరెంటే లేకుండె సారూ," అంది లస్మవ్వ. "కరెంటుంటె నేను కండెలు చుట్టకపోదునా? లైట్లు యాడియి? నిన్ను నేను గిప్పుడే చూస్తున్న. గీ పిల్ల తీసింది. మా ఇంటి గొంగడి కట్టి తీసింది."

అంతటితో కూర్చోమని అలేఖ్య ఆమె మోచేయి తాకింది. లస్మవ్వ కూర్చోలేదు. తల తిప్పి ఎడమ కన్ను వెలుగు వైపు పెట్టింది.

"గీ కంట్ల పువ్వున్నది. కానరాకుంట తియ్యమన్న. అందుకె చీకటి చేసింది. బతుకు చీకటని ఎవలన్నరు? నా బతుకు నాకు మంచిగనే ఉన్నది."

ఎవరో ఫక్కుమన్నారు. నవ్వు ముందు వరుసలకు పాకింది. ఆ కన్ను అందరికీ కనబడాలని అలేఖ్య అనుకోలేదు, దాచడానికే అంత పాటు పడింది. ఒక క్షణం గుండెలో ముల్లు గుచ్చుకుంది. మరుక్షణం జలపతి ముఖం చూసింది, ముల్లు నొప్పి మరిచిపోయింది.

"నా కెమెరా," అన్నాడు జలపతి. ఇప్పుడు మైకు ఆయన చేతిలో ఉన్నా గొంతు దూరం పోలేదు. "నా స్టూడియో. నా దగ్గర నేర్చుకున్నది తీస్తె నేను తీసినట్టే."

"మరి లైటు బందు చేసిన చెయ్యి ఎవలది సార్?"

ఆయన మైకు భూమేశ్ చేతిలో పెట్టాడు. భూమేశ్ భోజనాలకు లేవమన్నాడు. బహుమతి సంగతి తర్వాత చూద్దామన్నాడు.

తర్వాత చూశారు. గ్రూపులో అదే ఫొటోను అలేఖ్య పేరుతో మళ్లీ పెట్టారు. అలేఖ్య పాపను జోకొడుతూ ఫోన్ చూసింది. 'ఎడమ వైపు ఇంకో లైటు వాడితే బాగుండేది' అని సంజీవ్ రాశాడు. 'కంట్లో మెరుపు లేదు. పోర్ట్రెయిట్‌కు అదే ప్రాణం. ఇంకా నేర్చుకోవాలి చెల్లె' అని రమణ రాశాడు. నేతన్న బతుకు నీడలోంచి ఎటో వెళ్లిపోయింది. చివరన భూమేశ్ ఫోన్ చేసి, ఈ ఏడు పోర్ట్రెయిట్ బహుమతి ఎవరికీ లేదని చెప్పాడు.

"నువ్వే గదా చెల్లె తప్పులు చెప్తివి. అందరు విన్నరు."

"అవునన్నా. అందరు విన్నరు," అంది అలేఖ్య. వేణు ఆమె ముఖం చూసి ఆశ్చర్యపోయాడు. నవ్వుతోంది.

దసరా లోపల కోరుట్లలో బస్టాండు రోడ్డు మీద చిన్న స్టూడియో తెరిచింది. ముందు అద్దంలో లస్మవ్వ ఫొటో, కింద 'ఫొటో: అలేఖ్య' అని పెద్దక్షరాలు. అలాంటిదే ఇంకొకటి ఫ్రేము కట్టించి లస్మవ్వకు ఇచ్చి వచ్చింది. లస్మవ్వ దాన్ని చాలాసేపు చూసి, "కన్ను కానస్తలే. మంచిగున్నది," అని తలుపు మీద మేకుకు తగిలించింది.

అద్దంలో పేరు కింద ఇంకో పలక ఉంది. 'ఈ ఫొటో గురించి పెద్దల మాట' అని పెట్టి, సంఘం వాళ్లు మొదట రాసిన పొగడ్తలన్నీ అక్షరం మార్చకుండా, ఎవరి మాట కింద వారి పేరుతో అచ్చు వేయించింది. అన్నిటికంటే పైన, 'నా జీవితంలో నేను పట్టుకున్న గొప్ప వెలుగు ఇది - జలపతి, జగిత్యాల'.

బస్సు దిగినవాళ్లు ఆగి చదివి నవ్వుకునేవారు. మూడు ఊళ్లకూ ఆ నవ్వు చేరింది. మొదట సంజీవ్ ఫోన్ చేశాడు.

"మా పేరు తీసెయ్యరాదూ చెల్లె? ఇజ్జత్ పోతున్నది."

"ఫొటో మారిందా అన్నా?"

"మారలే గని..."

"మరి మాటెందుకు మార్చాలె?"

ఒక సాయంత్రం జలపతే వచ్చాడు. లోపలికి రాలేదు. అద్దం ముందు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. అలేఖ్య పాపను ఎత్తుకుని బయటికి వచ్చింది.

"కూసోండ్రి సార్. చాయ్ చెప్పమంటరా?"

"వద్దు. గది తీసెయ్యమ్మా. పిలగాండ్లు ఫొటోలు తీసి పంపుతున్నరు."

"ఒక్క మాట అడుగుత సార్. మొహమాటం వద్దు. ఫొటో మంచిగున్నదా, లేదా?"

జలపతి ఫొటో వైపు చూశాడు. మంచిదంటే అది అలేఖ్యది. మంచిది కాదంటే అద్దంలో ఆయన రాసిన పొగడ్తే ఉంది. మొదటిసారి ఆయన ఆ ఫొటోను నిజంగా చూస్తున్నాడని అలేఖ్యకు తెలిసింది. చెంప మీది నీడ అంచు దగ్గర ఆయన చూపు ఆగింది, గొంగడి ఎక్కడ కట్టి ఉంటుందో వెతుకుతున్నట్టు. పాప చేయి చాచి ఆయన కళ్లజోడు అందుకోబోయింది. ఆయన వెనక్కి జరిగాడు.

"డిలీట్ కొట్టుమంటరా సార్?"

ఆ మాటకు ఆయన ముఖం మారింది. ఎక్కడ విన్నానా అని వెతికి, తన గొంతులోనే విన్నానని పట్టుకున్నవాడిలా ఆమె కళ్లలోకి చూశాడు. తర్వాత తల దించుకుని జగిత్యాల బస్సు వైపు నడిచాడు.

పొద్దు గుంకుతోంది. అలేఖ్య పాపను కుర్చీలో కూర్చోబెట్టి అద్దం వెనక బల్బు వేసింది. వెలుగు లస్మవ్వ ముఖం మీద పడింది. కిందున్న పలక మసకగానే ఉంది. ఆమె బల్బును కొంచెం వంచి, బయటికి వచ్చి చూసుకుని, మళ్లీ లోపలికి పోయి ఇంకొంచెం వంచింది. ఈసారి వెలుగు సరిగ్గా జలపతి పేరు మీద పడింది. రోడ్డు అవతలి నుంచి కూడా చదవడానికి వస్తోంది. అలాగే ఉంచింది.