పచ్చ చుక్క పెట్టిన టైరు

చాంద్‌బీ టైరును కంటితో చూడదు, అరచేత్తో చూస్తుంది. ప్రొద్దుటూరులో జమ్మలమడుగు రోడ్డు మీద ఆమె టైర్ల అంగడి. మొగుడు యూనుస్ కువైట్ పోయినప్పటి నుంచీ ఆమే నడుపుతోంది. మొదట్లో వచ్చిన ప్రతివాడూ "మొగోళ్లు లేరా?" అనేవాడు. "ఉండారు. పంచరైన బండ్ల పక్కన నిలబడుకోని ఏడుస్తాండారు," అనేది. ఇప్పుడెవరూ అడగరు.

ఆ పొద్దు వేముల నుంచి నాగేంద్ర పాత కారు తెచ్చినాడు. పద్నాలుగుమంది పిల్లోల్లను కుక్కి రోజూ పులివెందుల బడికి తోలే కారు.

"ముందర ఎడమ టైరు తిప్పి ఎయ్యక్కా. రేపు బ్రేకు ఇన్‌స్పెక్టరు చూస్తాడు."

తిప్పి ఎయ్యడమంటే టైరును రిమ్ము నుంచి ఊడబెరికి, బయటి పక్కను లోపలికి చేసి మళ్లీ ఎక్కించడం. అరిగిన అంచు ఎవరికీ కనబడదు. ఆ రోడ్డు మీద ప్రతి అంగట్లో జరిగే పనే.

చాంద్‌బీ అరచెయ్యి పెట్టింది. బయటి నుంచి లోపలికి నిమిరితే నునుపు. వెనక్కి తెస్తే ముళ్లు. బయటి అంచున రబ్బరు పోయి తీగ తేలింది. జాకీ ఎత్తి, చక్రాన్ని రెండు పక్కలా పట్టుకోని ఊపింది. టక టకమనింది.

"స్టీరింగు రాడ్డు కీలు పోయిందప్పా. చక్రం లోపలికి వంకర తిరిగి, అంచును రోడ్డు తురిమేస్తాంది. తప్పు టైరుది కాదు."

"తెలుసులే. ఎండాకాలం సెలవుల్లో మారుస్తా."

"తెలిసే పిల్లోల్లను ఎక్కిస్తాండావా?"

"నా పిల్లోల్లు బడి బస్సులో పోతారులేక్కా," అని నవ్వినాడు.

ఆమెకు నోరంతా చేదైపోయింది. ఈ నవ్వు కంటే మురికి కాలవ నయం అనుకునింది. చక్రం ఊడదీసి, లోపలి పక్క బురద తుడిచింది. ఆ అంచూ బోడే, తీగ ఒకటే ఇంకా తేలలేదు. దాని పక్కన పచ్చ రంగు చుక్క.

తిప్పి ఏసిన టైర్లకు గుర్తుగా ఆమె పెట్టే చుక్క అది.

"ఏందట్ల చూస్తావు? మూడు నెల్ల కింద తిప్పినేది నువ్వే గదా! అప్పుడు యాడికి పోయింది నీ కీలు?"

నిజమే. అప్పుడు తిప్పిన పొద్దు అంగడి ముందర బండ్లు బారు తీరినాయి. అరచెయ్యి పెట్టలేదు. అడిగినాడు, తిప్పింది, చుక్క పెట్టింది. జబ్బును లోపలికి తోసి పంపింది. పద్నాలుగుమంది మూడు నెల్లు దాని మీదనే తిరిగినారు. వాని మీద పుట్టిన రోత తన మీదికి తిరిగింది.

కత్తి తీసుకోని టైరు పక్కగోడను నిలువునా చీల్చింది.

"ఓయ్! పిచ్చి పట్టిందా?"

"ఇంక దీన్ని ఏ అంగట్లోనూ తిప్పలేరు. కీలు తీసుకోని రా, నేనే బిగిస్తా. అంతవరకూ బండి జాకీ దిగదు. పిల్లోల్లకు ఆర్టీసీ బస్సుంది."

"మా మామ ఎవరో తెలుసా నీకు?"

"తెలుసులే. పిల్లోల్ల బదులు ఆయన్ను ఎక్కించుకోని తిరుగు."

నాగేంద్ర తిట్టుకుంటా సామాన్ల అంగడి పక్కకు నడిచినాడు. చాంద్‌బీ గుడ్డ తీసుకోని కారు కిందికి దూరి, ముందర కుడి టైరు లోపలి పక్క తుడిచింది. ఆడా పచ్చ చుక్కే. థూ అని ఉమ్మి, పడేసిన కత్తి కోసం చెయ్యి చాపింది.