ముట్టుకుంటే ఔట్ కాని ఆట

మా ఆఫీసువాళ్లకు సేవ చేయాలన్న బుద్ధి పుట్టినప్పుడల్లా నా ఆదివారం పోయేది. ఆ ఏడాది బయటి దేశపు శాఖ నుంచి ఒక పెట్టె నిండా రగ్బీ బంతులు దిగాయి. కోడిగుడ్డులా ఉంటాయి, నేలకు తగిలితే ఎటు ఎగురుతాయో వాటికే తెలియదు. రెండు వేల సంవత్సరం ముంచుకొస్తోందని వారమంతా కంప్యూటర్ల ముందు రెండంకెల సంవత్సరాలను నాలుగంకెలుగా మారుస్తూ కూర్చునే నేనూ, ఇద్దరు సహోద్యోగులూ వాటిని పట్టుకుని గోపన్‌పల్లి దగ్గరి బస్తీకి బయలుదేరాం. ముగ్గురిలో ఒక్కరం కూడా ఆ ఆట ఆడిన పాపాన పోలేదు. బంతులతో పాటు వచ్చిన వీడియో క్యాసెట్టే మా చదువంతా.

బస్తీ పక్కన ఒక ఖాళీ స్థలం ఉండేది. దాని యజమాని ఆ ఊరి పెద్దమనిషి. ధర ఇంకా పెరగనీ అని అలా వదిలేశాడు. అక్కడ మగపిల్లలు కబడ్డీ ఆడేవారు, ఆడపిల్లలు దూరం నుంచి చూసేవారు. మేము తెచ్చిన ఆట మాత్రం ఎవరిదీ కాదు. అది మగవాళ్లదో ఆడవాళ్లదో ఎవరికీ తెలియదు కాబట్టి మగపిల్లలతో పాటు ఆడపిల్లలూ దిగితే ఎవరూ అడ్డు చెప్పలేదు. ఆఫీసు మేడం వచ్చిందంటే తల్లులూ పంపేవారు. ఆదివారం పొద్దున ఆ కాసేపే ఆ ఆడపిల్లలకు ఆట. అది చేజారకూడదని నాకు పంతం.

నేర్పడం మాత్రం నా ప్రాణం తీసింది. ఒకరినొకరు పడగొట్టుకోకుండా, ముట్టుకుంటే చాలనే సులువైన పద్ధతి ఎంచుకున్నాం. ముట్టుకోగానే బంతి ఉన్నవాళ్లు ఆగి, దాన్ని కింద పెట్టి, వెనకున్నవాళ్లకు అందించాలి. ఆట సాగుతూనే ఉండాలి. మా పిల్లలేమో ముట్టుకోగానే బంతి వదిలేసి, బుద్ధిగా గీత దాటి పోయి కూర్చునేవారు. కాసేపటికి మైదానంలో ఇద్దరే మిగిలేవారు.

"లే! నువ్వు ఔట్ కాలేదు!" అని అరిచేదాన్ని.

"ముట్టిండు గద మేడం," అనేది పన్నెండేళ్ల పిల్ల ఒకతి. అందరికంటే వేగంగా పరిగెత్తేదీ ఆ పిల్లే, అందరికంటే ముందు పోయి కూర్చునేదీ ఆ పిల్లే.

అరిచి అరిచి గొంతు పోయేది. సోమవారాలు ఆఫీసులో సైగలతో నెట్టుకొచ్చేదాన్ని.

వానలు వెనకబట్టి చలి మొదలయ్యాక, ఎట్టకేలకు కుదిరింది. ముట్టుకున్నా ఎవరూ గీత దాటడం లేదు. సరిగ్గా అప్పుడే స్థలం యజమాని స్కూటరు మీద వచ్చాడు. తన జాగాలో ఏం జరుగుతోందో చూసి, ఉండనివ్వాలో వద్దో చెబుతానన్నాడు. నాకు భయమే లేదు. కుర్చీ వేయించి కూర్చోబెట్టాను.

పిల్లలు అదరగొట్టారు. ఒక్క తప్పు లేదు. ఆ పిల్ల బంతిని చివరి గీత దాకా తీసుకెళ్లి నేలకు ఆనించి పాయింటు కొట్టింది. నేను చేతులు నొప్పెట్టేలా చప్పట్లు కొట్టాను.

ఆయన లేచి నిలబడ్డాడు. "ఏందమ్మా ఇది? ముట్టినంక గూడ ఉరుకుతనే ఉన్నరు! పోరగాండ్లకు తొండి నేర్పుతున్నరా?"

"ఈ ఆట పద్ధతే అది సార్."

"గసొంటి పద్ధతి మనకెందుకు? మంచిగ కబడ్డీ ఆడుకోమను. నేనే కప్పు ఇప్పిస్త."

మగపిల్లలు ఈలలు వేశారు. అప్పటికప్పుడు మట్టిలో గీతలు గీసేశారు.

"మరి ఆడపిల్లలు?" అన్నాను.

ఆయన నా వంక నిజంగానే అర్థం కానట్టు చూశాడు. "ఆళ్లు చూస్తరు గదమ్మా," అన్నాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. నా సహోద్యోగులిద్దరూ "పోనీలెండి, ఏదో ఒకటి ఆడుతున్నారుగా" అంటూ బంతులు సంచిలో వేసుకున్నారు. వాళ్ల మీద ఇంకా మండింది. ఆ నెలలన్నీ ఎవరికోసం పడ్డ పాట్లో వాళ్లకు పట్టనేలేదు.

తర్వాతి ఆదివారం నేనొక్కదాన్నే బంతి పట్టుకుని వెళ్లాను. ఇంకో జాగా కోసం ఆడపిల్లలతో బస్తీ చుట్టూ తిరిగాను. ఎటు పోయినా కొత్త కంచెలు, కంకర కుప్పలు. ఆ పై ఆదివారమూ అంతే. తిరిగి తిరిగి మళ్లీ కబడ్డీ దగ్గరికే వచ్చి నిలబడ్డాం. మళ్లీ వారం ఇంకా దూరం పోయి చూద్దామన్నాను.

ఆ పన్నెండేళ్ల పిల్ల తల అడ్డంగా ఊపింది.

"ఇగ రాకుండ్రి మేడం. మీరొస్తున్నరంటే చీకట్లనే లేచి ఇంటి పనంత చేసి వస్తున్న. వచ్చి ఆళ్ల ఆట చూసుడే అయితుంది."